నాలుగో నంబరు బిళ్ళ

నోరీన్ డ్వోరాక్ ఇరవై మూడేళ్ళ పోలీసు ఉద్యోగంలో తుపాకీ పేల్చింది ఒక్కసారి. అదీ లారీ గుద్దేసి పోతే రోడ్డు పక్కన గిలగిల కొట్టుకుంటున్న జింక మీద. మిగతాదంతా కంచె దాటొచ్చిన ఆవులు, మంచు గుంటల్లో దిగబడ్డ పికప్పులు, తాగి గొడవపడే మొగుళ్ళు, తాగకుండానే గొడవపడే పెళ్ళాలు. నెబ్రాస్కాలో లిండెన్ క్రీక్ లాంటి చిన్న ఊళ్ళో పోలీసుకు అంతకు మించి పనుండదు. కానీ ఆ పని తప్ప ఇంకో పని ఆమెకు చేతకాదు, నేర్చుకోవాలనీ లేదు.

వైర్‌లెస్‌లో చీఫ్ నంబరు ఒకటి, ఆమె నంబరు నాలుగు. ఊళ్ళో సగం మంది వంటింట్లో పోలీసు వైర్‌లెస్ మాటలు వినిపించే చిన్న స్కానర్ పెట్టె ఉంటుంది. పని చేసుకుంటూ అది వినడం అక్కడివాళ్ళకు అలవాటు. "నాలుగు బయల్దేరింది" అని వినపడితే చాలు, ఎవరింటికో ఏమిటో అని చెవులు నిక్కబొడుచుకుంటాయి. నోరీన్ మొహం తెలియని పిల్లలకు కూడా నాలుగు తెలుసు.

నవంబరులో ఆమె భర్త కర్ట్‌కు మిస్సౌరీ నది అవతల, సౌత్ డకోటాలోని ప్రెయిరీ బ్లఫ్ అనే ఊళ్ళో, ధాన్యం గిడ్డంగి మేనేజరు పని వచ్చింది. నలభై మైళ్ళ దూరం. నోరీన్‌కు కూడా అక్కడే ఉద్యోగం దొరికింది. ఆ ఊరి పోలీసు చీఫ్ ట్రెంట్ హాగెన్ ఆమెతో ఓ గంట మాట్లాడి, "మీరు రావడం మా అదృష్టమండీ. ఈ రాష్ట్రం లైసెన్సు ఒక్కటి తెచ్చుకోండి చాలు" అన్నాడు. మార్చి పదిహేను లోపల అని గడువు కూడా చెప్పాడు. ఆ రోజుకు ఖాళీ నిండకపోతే ఊరి కౌన్సిల్ ఆ పోస్టు ఎత్తేసి, గస్తీ పని కౌంటీ షెరీఫ్‌కు అప్పజెబుతుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి ఆ చుట్టుపక్కల ఇంకో పోలీసు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేరు.

నది దాటినంత మాత్రాన పోలీసు పోలీసు కాకుండా పోతుందా అనుకుంది నోరీన్. పోతుందట. వేలిముద్రలు మూడుసార్లు ఇచ్చింది. మొదటి రెండుసార్లూ గీతలు అరిగిపోయాయన్నారు. ఇన్నేళ్ళూ తన చేత అంట్లు తోమించినందుకు కర్ట్‌ను నాలుగు తిట్టింది. కళ్ళు, చెవులు, గుండె చూపించుకుంది. కొత్త రాష్ట్రం చట్టాల మీద పరీక్ష రాసి పాసైంది. ఫిబ్రవరి నడిమికి కంప్యూటర్లో అన్నింటి ఎదుటా టిక్కు పడి, ఒక్క గడి దగ్గర "పెండింగ్" అని ఆగింది. ఎందుకు ఆగిందో కంప్యూటరు చెప్పలేదు.

కొత్త ఊరికి కాపురం మార్చిన ఆ రోజుల్లో నోరీన్‌కు తను ఎవరో తనకే అంతుపట్టేది కాదు. ఒక మధ్యాహ్నం పాలు కొనుక్కుని వస్తుంటే, ఎర్ర పికప్ ఒకటి స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా తాపీగా జారుకుంటూ పోయింది. వెంటనే దాని వెనకపడింది. రెండు వీధులు తరిమాక, పైన లైట్లు వేద్దామని స్విచ్చి కోసం తడిమితే హీటరు మీట చేతికి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, తను నడుపుతున్నది సొంత బండి అని. ఈలోగా పికప్‌లోని ముసలాయన బండి ఆపి, అద్దం దించి, "ఏం కావాలమ్మా?" అని మర్యాదగా అడిగాడు. ఏం కావాలో ఆమెకూ తెలియలేదు. మీ వెనక దీపం వెలగడం లేదేమో అనుకున్నానని అబద్ధమాడి ఇంటికొచ్చింది.

మర్నాడు లైసెన్సుల ఆఫీసుకు ఫోన్ చేసింది.

"మీ ఫైల్లో తప్పేమీ లేదు మేడమ్," అంది అవతలి ఆవిడ ఎంతో ఓపికగా. "మీరు రిటైరయ్యారు, అంతే."

"ఎవరు?"

"మీరే."

"నేనెప్పుడు రిటైరయ్యానండీ?"

"డిసెంబరు పన్నెండున. మీ పాత డిపార్ట్‌మెంటు పంపిన కాగితంలో ఉంది. పనిలో ఉన్నవాళ్ళదీ, రాజీనామా చేసి వచ్చినవాళ్ళదీ అయితే లైసెన్సు ఇటు మారుస్తాం. రిటైరైనవాళ్ళది నిద్రపోయినట్టు లెక్క మేడమ్."

"మరి దాన్ని లేపాలంటే?"

"మళ్ళీ ట్రైనింగ్ స్కూల్లో చేరాలి. పదమూడు వారాలు. లేదా ఆ కాగితం పొరపాటైతే, మీ పాత చీఫ్ దిద్ది పంపాలి."

"నేను ఉద్యోగానికే కదండీ దరఖాస్తు పెట్టుకుంది! రిటైరైన మనిషి ఉద్యోగం ఎందుకు అడుగుతుంది?"

"అదే మాకూ అర్థం కాలేదు," అంది ఆవిడ.

నోరీన్ ఫోన్ పెట్టేసి కర్ట్‌తో, "నేను రిటైరయ్యానట" అంది.

కర్ట్ సూపు తాగుతూ చెంచాతో గోడవైపు చూపించాడు. "గోడకి తగిలించుకున్నది నువ్వే కదా! నేను మేకు కొట్టాను, అంతే."

గోడ మీద వాల్‌నట్ చెక్క పలక ఉంది. మధ్యలో ఆమె నాలుగో నంబరు పోలీసు బిళ్ళ మరలతో బిగించి ఉంది. కింద "పదవీ విరమణ సందర్భంగా" అని చెక్కి ఉంది. డిసెంబరులో వీడ్కోలు సభ నాడు అది చేతికిచ్చినప్పుడు పెళ్ళి శుభలేఖ మీద మాటలు ఎవరు చదువుతారన్నట్టు ఆమె చదవనే లేదు. ఆ రోజు కేకు కోశారు. తరవాత కంట్రోల్ రూమ్‌లోని బెవ్, రిటైరయ్యే పోలీసులకు ఆనవాయితీగా చేసినట్టే, వైర్‌లెస్‌లో ఆఖరి పిలుపు పిలిచింది. "నాలుగు, ఇరవై మూడేళ్ళూ ఊరిని కనిపెట్టుకుని ఉన్నారు. మీ డ్యూటీ ముగిసింది. ఇక మేం చూసుకుంటాం" అని బెవ్ అంటే, పాత పోలీసులతో పాటు వంటిళ్ళలో ఊరు ఊరంతా ముక్కు చీదింది. ఆమె నది అవతల ఉద్యోగంలో చేరబోతోందని వాళ్ళందరికీ తెలుసు. తెలిసే ఏడ్చారు. నోరీన్ కూడా ఏడ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఎవరు దేనికి ఏడ్చారో బొత్తిగా బోధపడలేదు.

మర్నాడు పొద్దున్నే వంతెన దాటి లిండెన్ క్రీక్ వెళ్ళింది. చీఫ్ ఎల్డన్ స్లామా బల్ల మీద ఎప్పటిలాగే, పండ్ల గుజ్జు పెట్టి కాల్చే తీపి బన్నులు, కొలాచ్‌ల పళ్ళెం ఉంది. ఆమె నోరు విప్పకముందే ప్రూన్ గుజ్జు పెట్టినది ఒకటి చేతిలో పెట్టాడు.

"చీఫ్, నేను రిటైరయ్యానని రాశారా?"

"రాశాను. నా చేత్తో నేనే రాశాను."

"ప్రెయిరీ బ్లఫ్‌లో చేరుతున్నానని మీకు తెలుసు కదా!"

"తెలుసు."

"మరి?"

"ఆ ఫారంలో ఉన్న గళ్ళేమిటో నీకు తెలుసా నోరీన్? చనిపోయారు, తీసేశాం, రిటైరయ్యారు, రాజీనామా చేశారు. మొదటి రెండూ నీకు కుదరవు. తీసుకెళ్ళి నిన్ను రాజీనామా గడిలో పెట్టమంటావా? స్టాన్ పక్కన?"

నోరీన్ కొలాచ్ కొరకబోయి ఆగిపోయింది. స్టాన్ తాగి పోలీసు కారును చర్చి గోడలోకి నడిపిన మహానుభావుడు. అతని తరవాత ఒకడు సాక్ష్యాల గదిలో చేతివాటం చూపించాడు. ఇంకొకడు బేడీలు వేసిన మనిషిని కొట్టాడు. ఊరి పరువు కోసం ముగ్గురి చేతా బలవంతంగా రాజీనామాలు రాయించి సాగనంపారు. అప్పటినుంచి లిండెన్ క్రీక్‌లో ఎవరైనా "రాజీనామా చేశాడట" అంటే, ఎదుటివాళ్ళు గొంతు తగ్గించి "ఏం చేశాడేం?" అంటారు. నోరీనూ అనేది.

"వేరే ఊళ్ళలో అది మామూలు మాటే చీఫ్."

"నువ్వు ఇన్నేళ్ళు బతికింది వేరే ఊళ్ళలోనా? ఇప్పుడు దిద్దితే ఇంకా అన్యాయం. కౌన్సిల్లో పైకి చదవాలి, పేపర్లో పడుతుంది. కేకు కోసి, పలక ఇచ్చి, మూణ్ణెల్లకే రాజీనామా అని మార్చారంటే జనం ఏమనుకుంటారు? ఏదో బయటపడిందనుకుంటారు."

ఆయన చెప్పిందీ నిజమే. ఆఫీసు ఆవిడ చెప్పిందీ నిజమే. ఎటు చూసినా ఎవరి తప్పూ లేదు, ఆమె ఉద్యోగం మాత్రం పోయేలా ఉంది.

"నీకు మంచి చేద్దామనుకున్నానమ్మా," అన్నాడు స్లామా, కళ్ళు పళ్ళెం మీద నుంచి ఎత్తకుండా.

"చేశారు చీఫ్. ఇప్పుడు కాస్త చెడు చెయ్యండి. పదిహేనో తారీకు లోపల."

ఆయన మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. మార్చి నాలుగున కౌన్సిల్లో, రిటైరు కాదు రాజీనామా అని దిద్దుబాటు చదివారు. పదో తారీకున ఆఫీసు ఆవిడ తనే ఫోన్ చేసి, "లేచింది మేడమ్. కాగితం శుక్రవారానికి మీ చేతికి వస్తుంది" అంది. ట్రెంట్ హాగెన్ యూనిఫాం కొలతలు అడిగాడు. కర్ట్ కేరింతలు కొట్టాడు. నోరీన్ కూడా సంతోషించాలి కదా అనుకుంది.

ఇంకొక్క పని మిగిలింది. రిటైరైనవాళ్ళకు బిళ్ళ సొంతం. కానివాళ్ళ బిళ్ళ ఊరికి తిరిగి ఇచ్చెయ్యాలి. లిండెన్ క్రీక్ రూలు అది. గురువారం పొద్దున పలకను దుప్పట్లో చుట్టుకుని బయల్దేరింది. ఊరి మొదట్లో పెట్రోలు కోసం ఆగితే, పక్క పంపు దగ్గర లెనర్డ్ కనిపించాడు. ఎన్ని రాత్రులు ఆమె అతని ఆవుల్ని రోడ్డు మీద నుంచి తోలి పెట్టిందో లెక్కలేదు. అతను అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు.

"నేను మాత్రం నమ్మలేదు నోరీన్," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం నమ్మలేదు లెనర్డ్?"

"అదే... ఏదైనా సరే. నమ్మలేదు."

ఆమె ముఖం భగ్గుమంది. చెప్పుకోవడానికి ఏముంది? చెయ్యని తప్పుకు సంజాయిషీ ఎక్కడ మొదలుపెట్టాలి? పెట్రోలు సగమే పోసుకుని వచ్చేసింది.

స్లామా స్క్రూడ్రైవరు తీసి బిళ్ళ మరలు తనే విప్పాడు. నాలుగు మరలకీ చాలాసేపు పట్టింది. చెక్క మీద బిళ్ళ ఆకారంలో లేత మచ్చ మిగిలింది. నోరీన్ లెనర్డ్ మాట చెప్పి, నవ్వబోయి నవ్వలేకపోయింది.

స్లామా బిళ్ళను సొరుగులో పెట్టలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. "నీ బండిలో స్కానర్ ఇంకా ఉందా?"

"ఉంది. నదిదాకా వినిపిస్తుంది."

"సరే. నెమ్మదిగా వెళ్ళు." దారిలో తినమని కొలాచ్ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆమె వంతెన దగ్గరికి వచ్చేసరికి పన్నెండైంది. ఊళ్ళో మధ్యాహ్నం సైరన్ మోగే వేళ, అందరూ భోజనాల బల్లల దగ్గర స్కానర్లు పెట్టుకుని కూర్చునే వేళ. బెవ్ గొంతు వినిపించింది.

"అందరికీ కంట్రోల్ రూమ్. డిసెంబరు పన్నెండున నాలుగు డ్యూటీ ముగిసిందని చెప్పాం. అది మా పొరపాటు. మళ్ళీ చెబుతున్నా, మా పొరపాటు. నాలుగు ఏ తప్పూ చెయ్యలేదు. నది అవతల పోలీసు పని మీద వెళ్ళింది. ఆ పనికి మా కాగితం అడ్డమొస్తే దిద్దాం. ఇంతకు మించి ఎవరేం చెప్పినా అబద్ధం. నాలుగు, వినిపిస్తోందా?"

నోరీన్ బండి పక్కకు తీసి ఆపింది. చెయ్యి దానంతట అదే మైకు ఉండాల్సిన చోటికి వెళ్ళింది. అక్కడ కాఫీ కప్పు ఉంది.

"నాలుగు, వినిపిస్తోందా?"

స్కానర్ వింటుంది, మాట్లాడలేదు. లిండెన్ క్రీక్ అంతా బదులు కోసం ఎదురుచూస్తోందని ఆమెకు తెలుసు. లెనర్డ్ కూడా వింటూనే ఉంటాడు. ఆమె ఖాళీ బండిలో "వినిపిస్తోంది బెవ్" అని గట్టిగా అంది. ఎవరికి వినపడుతుంది?

కాసేపటికి స్లామా గొంతు వచ్చింది. "నాలుగు తరఫున ఒకటో నంబరు మాట్లాడుతున్నా. నాలుగుకు వినిపిస్తోంది. నాలుగు డ్యూటీలో ఉంది."

నోరీన్‌కు దుఃఖం ఆగలేదు. కొలాచ్ చుట్టిన కాగితంతోనే ముక్కు తుడుచుకుని బండి కదిలించింది. వంతెన నడిమికి వచ్చేసరికి మాటలు పోయి ఒట్టి గరగర మిగిలింది. ఇల్లు చేరేదాకా ఆమె స్కానర్ కట్టెయ్యలేదు.