వసారాలో కీబోర్డు

ఈ మధ్య నేను వ్యాసాలు రాయడం లేదు, చెబుతున్నాను. వేళ్ల కీళ్లు మొరాయిస్తున్నాయని తెలిసి ఒక స్నేహితురాలు నా ఫోనులో ఎక్కడో నొక్కి, ఇక నువ్వు మాట్లాడుతూ పో, అదే రాసుకుంటుంది అని చేతిలో పెట్టింది. జాతకాల మీద నేను కోపంగా అందుకున్న వాక్యం నోరు దాటీ దాటకముందే తెలుగు అక్షరాలై అద్దం మీద పరుగెత్తుతుంటే, అరవై దాటిన మనిషినన్న సంగతి మరిచి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంత చిన్న పలకలో చెవి ఉంది, నోరు ఉంది, కన్ను ఉంది, రాసే చేయి ఉంది. మన తరం వాళ్లకు కంప్యూటరు ఇలా పరిచయం కాలేదు కదా. మనం చూసినప్పుడు అది ఉమ్మడి కుటుంబంలా ఉండేది: టీవీ లాంటి మానిటరు ఒకచోట, పెట్టె లాంటి సీపీయూ ఇంకోచోట, కీబోర్డు, మౌసు, ప్రింటరు ఎవరి చోటు వారిది, అందరినీ కలుపుతూ బల్ల వెనక వైర్ల చిక్కు. ఆ చిక్కులో ఒకే ఒక వైరు మా ఇంట్లో లేవదీసిన వాదం గురించి చెప్పాలని ఉంది.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. మాది బూర్గంపాడు; గోదావరికి అవతల భద్రాచలం, ఇవతల మేము. ఖమ్మంలో చదువుకునే రోజుల్లో సంస్కరణ సభల్లో నిలబడి గంటల తరబడి వాదించడం నేర్చుకున్న నాకు, పెళ్లై ఇక్కడికి వచ్చాక వాదించడానికి మనుషులు కరువయ్యారు. మా ఆయన గుమాస్తా. నేను గొంతు సవరించుకుంటే చాలు, చొక్కా తగిలించుకుని చాయకు వెళ్లిపోయేవారు. అలాంటి నేను వీధివైపు గదిలో కంప్యూటరు నేర్పే కేంద్రం పెడతానన్నప్పుడు మాత్రం ఆయన చాయకు వెళ్లలేదు. ఇద్దరం ఖమ్మం వెళ్లి, మానిటరును చంటిబిడ్డలా ఆయన ఒళ్లో పెట్టుకుని, ప్రింటరు డబ్బాను కాళ్ల మధ్య ఇరికించుకుని, కీబోర్డును నేను గుండెలకు ఆనించుకుని బస్సెక్కాం. కండక్టరు టీవీనా అని అడిగితే కంప్యూటరన్నాను, బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. పాల్వంచలో డ్యూటీ దిగి ఎక్కిన ఒక కార్మికుడికి సీటు దొరికీ, ఆ సీటును మా ప్రింటరు డబ్బాకు ఇచ్చి తాను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ గౌరవం ఆ రోజుల్లో యంత్రాలకు దక్కింది.

నేర్పడం మొదలుపెట్టిన రోజున గోడ మీద సుద్దతో గీత గీసి, ఒకవైపు మన మాట లోపలికి మోసుకెళ్లేవి, మరోవైపు లోపలి జవాబు మనకు తెచ్చి ఇచ్చేవి అని విడదీసి చెప్పాను. కీబోర్డు, మౌసు, మైకు గీతకు ఇటు. మానిటరు, ప్రింటరు, స్పీకర్లు అటు. నడుమ ఉన్న పెట్టె మనం ఇచ్చినదాన్ని మనం చెప్పిన పద్ధతిలో కలిపి తిప్పుతుంది తప్ప దానికి సొంత తెలివి లేదని, చెత్త వేస్తే చెత్తే వస్తుందని చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించేది. నేను ఏళ్ల తరబడి ఉపన్యాసాల్లో చెప్పిన కార్యకారణ సంబంధం ఇక్కడ ప్లగ్గు పెట్టి చూపించవచ్చు! ఇటు అక్షరం నొక్కితే అటు అక్షరం కనిపిస్తుంది, నొక్కకపోతే కనిపించదు. ఏ మంత్రమూ అక్కర్లేదు.

ఆ మాట మా అత్తగారి చెవిన పడింది. ఇల్లు ఆమెది, గదీ ఆమెదే. భద్రాద్రి రాముడి పటం ఒకటి తెచ్చి మానిటరు నెత్తిన నిలబెట్టింది. నేను అడ్డం పోబోతే ఆమె ఒక్క మాటతో నా నోరు మూయించింది.

"మిషన్ నీది, గది నాది. నా గదిల నా దేవుడుంటడు. ఏంది నీ బాధ?"

పటం అక్కడే ఉండిపోయింది. ప్రతి శుక్రవారం కీబోర్డుకు పసుపు బొట్లు, మౌసుకు కుంకుమ, వాటన్నిటి మీదా అక్షింతలు. సీపీయూ వెనక ఫ్యానుకున్న జాలీ అగరొత్తులు గుచ్చడానికే చేసినట్టుందని ఆమె చాలా మెచ్చుకుంది. కొన్ని వారాలకే బియ్యపు గింజలు దూరి మీటలు బిగుసుకున్నాయి, తెర మీద బాణం నడిమధ్య నిలబడి కదలనంది. మిషన్‌కు దిష్టి తాకిందని ఆమె తేల్చితే, దిష్టి కాదు అత్తయ్యా, కుంకుమ తాకింది అని మౌసును వెల్లకిలా తిప్పి, అడుగు మూత తీసి, ఎర్రబారిన రబ్బరు బంతిని ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె బంతిని అటూ ఇటూ దొర్లించి చూసి పకపకా నవ్వింది. మౌసుకు బొట్టు ఆరోజే మానేసింది. కంటికి చూపిస్తే ఒప్పుకునే మనిషి అని నాకు ఆరోజే తెలిసి ఉండాల్సింది.

అంతవరకూ తమాషాగానే ఉంది. కానీ పటం వచ్చిన గదికి నియమాలూ వచ్చాయి. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు ఆ గది గడప దాటకూడదని ఆమె ఎప్పుడు చెప్పిందో, ఎవరితో చెప్పిందో తెలియదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు వంతులవారీగా మాయమవడం మాత్రం గమనించాను. అడిగితే తలవంచుకుని, ఇయ్యాల రాను మేడం అనేవారు. మగపిల్లలు నెలంతా నేర్చుకుంటుంటే ఆడపిల్లలు నేర్చుకున్నది మరిచిపోయి వచ్చి మళ్లీ మొదలుపెట్టేవారు. నేను అగ్గిలా మండిపోయాను. శరీర ధర్మం గురించి, మైల అనే మాట ఎవరు ఎందుకు పుట్టించారనేదాని గురించి వంటింట్లో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. అత్తగారు చింతపండు పిసుకుతూ ఓపికగా విని, పప్పులో ఉప్పు చూడమంది.

ఇంతలో మా ఆడపడుచు కూతురు అమ్మమ్మ ఇంట్లో ఉండి కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చింది. ఇంటరు అయిపోయిన పిల్ల. వాళ్ల నాన్నది పాల్వంచలో షిఫ్టు ఉద్యోగం. అక్కడే ఒక ప్రైవేటు ఆఫీసులో టైపు చేసే పని ఉందని, పరీక్షలో తెలుగు, ఇంగ్లీషు రెండూ కొట్టి చూపించాలని తెలిసి ఆయనే పంపాడు. పంపుతూ ఒక మాట కూడా అన్నాడు: ఇది వస్తే సరి, రాకపోతే చదువులూ నేర్పులూ చాలించి ఇంటిపట్టున ఉండాలి. ఆ పిల్ల కీబోర్డు ముందు కూర్చునే తీరు చూస్తే ఆ మాట ఎంత లోతుగా దిగిందో తెలిసేది. అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేళ్లతో మీటలు వెతుక్కునేది. పరీక్ష సరిగ్గా వారంలోకి వచ్చిందనగా, ఒక ఉదయం నెలసరి వచ్చి, వసారాలో స్తంభానికి ఆనుకుని ఏడుస్తూ కనిపించింది.

నేను అత్తగారి మీదికి వెళ్లాను. మనవరాలి బతుకు కదా అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది గానీ మాట మారలేదు.

"నాకు మాత్రం ప్రేమ లేదా? దేవుడున్న గదిలకి గట్ల ఎట్ల రానిస్త? రేపు దానికేమన్నయితే నువ్వు జవాబు చెప్తవా?"

ఆమెను గట్టిగా గదమాయించి పిల్లను లోపలికి లాక్కెళ్లవచ్చు. కానీ అమ్మమ్మ శాపం పెట్టుకుని పరీక్షకు పోనని ఆ పిల్లే అంటోంది. అప్పుడు నా కన్ను గోడ మీది సుద్దగీత మీద పడింది. దేవుడు ఎక్కడున్నాడు? మానిటరు మీద. పిల్ల చేతులకు కావలసిందేమిటి? కీబోర్డు. ఈ రెండూ వేర్వేరు వస్తువులు, నడుమ ఉన్నది వైరు! కొత్తగూడెం వెళ్లే ఒకాయనతో కీబోర్డు వైరును పొడిగించే తీగ తెప్పించి, మానిటరును కిటికీ వైపు తిప్పి, కీబోర్డును పక్కకు వాల్చి కిటికీ ఊచల్లోంచి వసారాలోకి దాటించాను. అత్తగారు వచ్చి గడపకు, కిటికీకి, వైరుకు కళ్లతోనే కొలతలు వేసి, బయటున్నది బయటే ఉందిగా, అయితే సరే అంది. మా ఆయన చాయకు వెళ్లబోతూ ఆగి, ఇది మీ సంస్కరణ సభలవాళ్లు చూస్తే ఏమంటారు అని చురక వేశారు. నిజమే, నాకూ సిగ్గుగానే ఉంది. ముట్టు గుడిసెకు వైరు లాగిన మొదటి సంస్కర్తను నేనే అయి ఉంటాను.

ఆ వసారా అవస్థలు ఇన్నీ అన్నీ కావు. పొద్దెక్కితే తెర మీద ఎండ పడి అక్షరాలు కనిపించేవి కావు. ఒక చేత్తో దుప్పటి పట్టుకుని నేను నీడ చేసేదాన్ని. తెప్పించిన తీగ ఒక్కటే, మౌసు వైరు అందేది కాదు. పరీక్షలో ఫైలు తెరిచి మూసే పనంతా మౌసుతోనే, అది మాత్రం ముట్టుకునే వీలే లేదు. అయినా టైపు ఆగలేదు. తెలుగులో కొట్టడానికి ఏదైనా కావాలని పిల్ల అడిగితే, వెతుక్కోవడం ఎందుకు నేను చెప్తగా అని అమ్మమ్మ గడప లోపల పీట వేసుకుని, తన భజన బృందం పాడే పాటలు అందుకుంది. ఆమె వాటిని తన తల్లి దగ్గర విని నేర్చుకుంది, కాగితం మీద ఎవరూ ఎన్నడూ పెట్టలేదు. లోపల ఆమె గొంతు, బయట మీటల టకటక, ఊచల వెనక తెర మీద ఒక్కొక్క పాదం.

"అమ్మమ్మా, గంత జల్దీ పాడకు. నా వేళ్లు నీ నోరంత ఉరకవు."

"ఉరకాలె. పాల్వంచల నీ కోసం ఆగుతరా?"

పాటలన్నీ అయ్యాక ప్రింటరు పెట్టాం. అది కీచుమంటూ అటూ ఇటూ ఉరుకుతుంటే అత్తగారు చెవులు మూసుకుని కూడా అక్కడినుంచి కదల్లేదు. తన పాట కాగితమై పెట్టె నోట్లోంచి దిగుతుంటే ముందు వేలితో తాకింది, తరువాత కళ్లకు అద్దుకుంది. సాయంత్రం ఆ కాగితాలు రామాలయంలో భజన ఆడవాళ్లందరికీ పంచి, దేవుడి ముందు పెట్టి పాడారు. ఇది మా మనవరాలు కొట్టిందని ఆమె ఒక్కొక్కరికీ చెప్పుకుంది. ఇంటికి వచ్చాక కూడా అదే పాట హుషారుగా పాడుకుంటూ కాళ్లు కడుక్కుంటోంది. నా తలలో అప్పుడు దీపం వెలిగింది. ఏ సభలోనూ నాకు అంత మంచి ప్రశ్న దొరకలేదు.

అత్తయ్యా, అన్నాను. పిల్ల చేతి ముట్టు వైరు గుండా లోపలికి పోతుందా, పోదా? పోతుందంటే అది వైరు దాటి, పెట్టె దాటి, ప్రింటరు దాటి కాగితాల మీదికి వచ్చేసింది, వాటిని మీరే గుళ్లో దేవుడి ముందు పెట్టి వచ్చారు. పోదంటే ఆ పిల్ల కీబోర్డును ఎక్కడ కూర్చుని ముట్టుకుంటే ఏమిటి? వసారాలో ఆగిపోయే మైల గదిలో మాత్రం ఎలా పాకుతుంది?

ఆమె చెంబు కింద పెట్టింది. కాసేపు నన్ను చూసింది, కాసేపు వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనవరాలిని చూసింది. కాళ్లు సగమే కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు. ముసలామెను నొప్పించానా అని నాకు బెంగ పట్టుకుంది గానీ, ప్రశ్నను వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

తెల్లవారి నేను కిటికీ తలుపులు తీసేసరికి ఆమె స్నానం చేసి తడి జుట్టుతో గదిలో ఉంది. మానిటరు మీది పటం తీసి కొంగుతో తుడుస్తోంది.

"నన్ను రెండు దిక్కులా ఇరికిచ్చినవ్. పోతదంటే గుడికి నా మొకం చూపియ్యలేను. పోదంటే పిల్లను బయట పెట్టింది నేనే అయిత. రాతిరంత చూసిన, నాకు జవాబు దొరకలేదు. దేవుణ్ణి నా అర్రలకి తీసుకపోత. గీ మిషన్ మీరు ముట్టుకోన్రి."

గడప దగ్గర ఆగి మనవరాలికి చెప్పింది: "నా అర్రలకి మాత్రం రాకు. పో, జల్దీ కూసో."

ఆమె పటంతో అటు నడిచిందో లేదో పిల్ల ఇటు గదిలోకి దూకింది. ముందు కీబోర్డును కాదు, మౌసును పట్టుకుంది. తెర మీద బాణాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు ఉరికిస్తూ, ఫైళ్లు తెరుస్తూ, మూస్తూ, నవ్వుతూ ఏడ్చింది. నేనూ చేతులు దులుపుకుని, గెలిచాను అని మా ఆయనతో అన్నాను. సగం అన్నారాయన, పటం వెళ్లిన లోపలి గది తలుపు వైపు చూస్తూ. సగమే. ఆ సగంతోనే ఆ పిల్ల బస్సెక్కి వెళ్లి పరీక్ష రాసింది, ఉద్యోగం తెచ్చుకుంది. వచ్చి చెప్పిన మొదటి మాట, అక్కడి కీబోర్డు మరీ కొత్తది అత్తా, వేళ్లు జారినయి అని. ఆమె నాన్న మిఠాయి పట్టుకుని వస్తే, ముందు మీ అత్తమ్మకు పెట్టమని నేనే లోపలికి పంపాను. ఆ తరువాత మా కేంద్రానికి వచ్చిన ఏ ఆడపిల్లనూ అత్తగారు ఏ రోజని అడగలేదు. శుక్రవారాలు గడప బయట నిలబడి, లోపల ఎంతమంది ఉన్నారో తొంగిచూసి వెళ్లేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వసారాలు లేవు, వైర్లు లేవు, ముట్టుకునేదీ చూసేదీ ఒకే అద్దమైంది. ఆ అద్దం ఏ ఆడపిల్లనూ ఏ రోజని అడగదు. అందుకు నాకు సంతోషమే. ఫోనులో నా వ్యాసం పెట్టిన పూటకే వందల మంది జవాబు ఇస్తున్నారు. మెచ్చేవాళ్లు మెచ్చుతున్నారు, తిట్టేవాళ్లు తిడుతున్నారు, తెల్లవారేసరికి ఎవరి గుంపులో వారు యథాప్రకారం ఉంటున్నారు. మా అత్తగారు చచ్చేదాకా నాతో ఏకీభవించలేదు. కానీ జవాబు దొరకని ప్రశ్నను రాత్రంతా మోసి, పొద్దున్నే లేచి తన చేత్తో పటం తీసింది. ఇన్నేళ్లలో నేను వేసిన ప్రశ్నలకు లెక్కలేనన్ని జవాబులు వచ్చాయి. ఎవరి ఇంట్లోనూ ఒక్క వస్తువు చోటు మారిందని మాత్రం మళ్లీ వినలేదు.