ఆర్గాన్ జాజ్‌కీ ప్రయోగాల జాజ్‌కీ పది తేడాలు

ఒక మనిషి తన కుడి మోకాలిని రెండు చేతులతో అదిమిపట్టి, ఆ ఒక్క పనితో తన ఉద్యోగానికి తానే ఎసరు పెట్టుకోవడం మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఘనకార్యం చేసింది నేను. అదీ ఎక్కడో చాటుగా కాదు, ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో, ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండా జనం మధ్య కూర్చుని.

అప్పట్లో డబ్లిన్‌లో నది పక్కన ఎటు చూసినా క్రేన్లే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పోటీలు పడి గాజు భవనాలు కట్టేవి, మనవాళ్లు పోటీలు పడి విమానాలు దిగేవారు. అలా దిగినవాళ్లలో నేనొకణ్ణి. ఆరు నెలల కాంట్రాక్టు, నేవన్‌లో అద్దె ఇల్లు, రోజూ ఆఫీసుకి గంటకు పైగా బస్సు. నా భార్య లలిత ఫిజియోథెరపిస్టు. నానా పరీక్షలు రాసి, అప్పుడే ఊళ్లో ఒక క్లినిక్‌లో చేరింది. నా కాంట్రాక్టు ఇంకో నెలలో అయిపోతుందనగా మా ఇద్దరికీ అన్నం సహించేది కాదు. నన్ను పర్మనెంట్ చేస్తే ఉంటాం. చెయ్యకపోతే, వీసా నా ఉద్యోగం మీదే కాబట్టి, లలిత ఉద్యోగం కూడా వదులుకుని మూటాముల్లె సర్దుకుని తెనాలి వెళ్లిపోతాం. ఆ సంతకం పెట్టాల్సింది మా మేనేజరు డెక్లన్.

డెక్లన్ మంచివాడు. పెద్దగా మాట్లాడడు. అతని బల్ల వెనక గోడ మీద ఒక జాజ్ పోస్టరు ఉండేది. అదే నా కొంప ముంచింది. ఒకరోజు క్యాంటీన్లో పక్కన కూర్చుని, "నువ్వేం పాటలు వింటుంటావు?" అనడిగాడు.

నిజం చెప్పాలంటే నేను బస్సులో నిద్రపోయేవాణ్ణి. కానీ నా నోరుంది చూశారూ, దానికి నాతో సంబంధం లేదు. "జాజ్" అనేసింది.

డెక్లన్ మొహం వెలిగిపోయింది. "అవునా! ఏది? ఆర్గాన్ పెట్టి ఊపుగా వాయిస్తారే, అదా? లేకపోతే కట్టుబాట్లు లేని ప్రయోగాల రకమా?"

"రెండూ!"

"రెండూ ఇష్టపడేవాళ్లు అరుదు. ఏది ఎక్కువ?"

"అది... వాతావరణాన్ని బట్టి."

ఐర్లండ్‌లో వాతావరణం పేరు చెప్పి ఎలాంటి గండమైనా దాటొచ్చని అంతకుముందే నేర్చుకున్నాను. ఈసారి మాత్రం దాటలేదు. "అయితే వచ్చే ఆదివారం వాటర్‌ఫోర్డ్ రావాలి. నాకు తెలిసినవాళ్లు వాయిస్తున్నారు. మొదట ఆర్గాన్ వాళ్లు, తర్వాత ప్రయోగాల వాళ్లు. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా. రెండూ పోల్చి నువ్వేమంటావో వినాలనుంది" అన్నాడు.

వినాలనుందిట! ఇక చూస్కోండి నా కంగారు.

ఐర్లండ్‌లోనే కాజిల్‌బార్ అనే ఊళ్లో, హాస్పిటల్లో మా రామ్మోహన్ బావ డాక్టరు. ఏ విషయం మీదైనా అభిప్రాయం సిద్ధంగా ఉంచుకునే మనిషి. అతనికి ఫోన్ చేశాను.

"బావా, జాజ్‌లో రెండు రకాలున్నాయట. తేడాలు చెప్పు."

"తేడాలేంట్రా, రెండూ ఓ అరగంట విను. నీకే తెలుస్తుంది."

"వినే టైం లేదు బావా. పాయింట్లు చెప్పు, రాసుకుంటా."

"సంగీతానికి పాయింట్లేంట్రా, నీ మొహం!"

మీరే చెప్పండి, మనం చదువుకున్న చదువేమిటి? కప్పకీ చేపకీ తేడాలు రాశాం. రాజ్యానికీ ప్రభుత్వానికీ తేడాలు రాశాం. మధ్యలో స్కేలుతో గీత, అటు ఐదు, ఇటు ఐదు, పదికి పది మార్కులు. జాజ్ ఏమన్నా దిగొచ్చిందా? బావని పీడించి, ఇంటర్నెట్టు గాలించి, నాలుగు రోజుల్లో పది తేడాలు సిద్ధం చేశాను. ఎడమవైపు ఆర్గాన్: తాళము స్పష్టముగా నుండును. వాద్యకారుడు కాళ్లతో కూడా వాయించును. శ్రోత కాలు తనంతట తానే ఊగును. కుడివైపు ప్రయోగాలు: తాళము చేతికి చిక్కదు. రాగము ఎక్కడ మొదలైనదో తెలియదు. శ్రోత కన్నులు మూసుకొని గంభీరముగా నుండవలెను. ముఖ్యమైన మాటల కింద ఎర్ర ఇంకుతో గీతలు కూడా కొట్టాను. బస్సులో ఈ కాగితం బట్టీ పడుతుంటే పక్కనున్న ముసలాయన నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని టోపీ తీశాడు.

"ఒక్క పాటైనా విన్నారా?" అంది లలిత శనివారం నాడు.

"అవసరం లేదు. సిలబస్ పూర్తయింది."

ఆదివారం వాటర్‌ఫోర్డ్‌లో మా అద్దె కారుకి పార్కింగ్ దొరక్క పావుగంట ఆలస్యంగా లోపలికెళ్లాం. అదొక పాత చర్చి. ఇప్పుడు కచేరీల హాలుగా వాడుతున్నారు. వేదిక వెనక గోడంతా పెద్ద పెద్ద గొట్టాలు. ఆర్గాన్ అంటే గొట్టాలుండునని నా చిన్నప్పటి జనరల్ నాలెడ్జి. హమ్మయ్య, మొదటిది ఆర్గాన్, సిలబస్ ప్రకారమే నడుస్తోందనుకుని కూర్చున్నాను. ఆర్గాన్ వాళ్ల వ్యాను దారిలో ఆగిపోయిందనీ, అందుకని ప్రయోగాల వాళ్లని ముందు ఎక్కించారనీ ఆ పావుగంటలోనే ప్రకటించారట. మాకెలా తెలుస్తుంది!

వేదిక మీద ఒకాయన శాక్సఫోన్‌ని గిలగిల్లాడిస్తున్నాడు. ఇంకొకాయన వయొలిన్ కమానుతో తాళం చిప్పని రాస్తున్నాడు. మూడో ఆవిడ బుడగ ఊది, దాన్ని కిర్రుకిర్రుమనిపిస్తోంది. నేను మాత్రం చిరునవ్వుతో కాలు ఊపుతున్నాను. దేనికి ఊపుతున్నానంటే ఏం చెప్పను? తాళం స్పష్టముగా నుండునని రాసుంది కదా! ఒకసారి శాక్సఫోన్ వెంట పడ్డాను, ఒకసారి బుడగ వెంట పడ్డాను. ఎక్కడ అడుగేసినా గొయ్యే.

"ఏమండీ, కాలు పట్టేసిందా?" అంది లలిత చెవిలో. "బయటికెళ్లి సాగదీయనా?"

"తాళం వేస్తున్నానే!"

"దేనికీ?"

విరామంలో డెక్లన్ వచ్చాడు. "ఎలా ఉంది?" అన్నాడు ఆత్రంగా.

ఎడమవైపు కాలమ్ మొత్తం గడగడా అప్పజెప్పాను. "ఏం ఊపు! ఏం తాళం! నా కాలు ఆగలేదనుకోండి! ఆయన ఆర్గాన్‌ని కాళ్లతో వాయించడమైతే మరీ అద్భుతం."

డెక్లన్ నా వంక చూశాడు. వెనక్కి తిరిగి గోడ మీది గొట్టాల వంక చూశాడు. వాటి ముందు కుర్చీ ఖాళీగా ఉంది. "నీకు ఆర్గాన్ వినిపించిందా?" అన్నాడు మెల్లగా.

"వినిపించకపోవడమేంటి!"

"చాలా ఇంట్రెస్టింగ్. ఫెయిర్ ప్లే" అని, ఒక బరువు మొయ్యాలంటూ వెళ్లిపోయాడు. ఇక్కడివాళ్లు మొహం మీద ఛీ అనరు, ఇంట్రెస్టింగ్ అంటారు, భేష్ అన్నట్టు ఫెయిర్ ప్లే అంటారు. ఆ సంగతి నాకు బోధపడ్డానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆరోజుకి మాత్రం సగం సంతకం పడిపోయిందని లలితకి సైగ చేశాను.

తర్వాత నలుగురు మనుషులు రొప్పుతూ ఒక చెక్క సామాను మోసుకొచ్చారు. దాని పక్కన ఇంకో చెక్కపెట్టె పెట్టారు. లోపల ఏదో గిర్రున తిరుగుతోంది. "మన వంటింట్లో ప్రెస్‌లా ఉందే" అంది లలిత. ఐర్లండ్‌లో అలమరాని ప్రెస్ అంటారు, మేమూ అలాగే అలవాటు పడ్డాం. జాజ్ వాళ్ల ఆర్గాన్‌కి గొట్టాలుండవనీ, ఆ చెక్క సామానే ఆర్గాననీ నాకేం తెలుసు! అలమరా వాయించేవాళ్లంటే ప్రయోగాలవాళ్లు కాక ఇంకెవరు? నా సిలబస్ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. తీరా చూస్తే ఆ అలమరా ముందు వచ్చి కూర్చున్నది మా డెక్లన్! తెలిసినవాళ్లు వాయిస్తున్నారని చెప్పిన పెద్దమనిషి తానే వాయిస్తానని ఒక్క ముక్క అనలేదు.

మొదలుపెట్టాడండీ. నాలుగు దెబ్బలు పడేసరికి నా వీపు నిటారయింది. చిన్నప్పుడు మా వీధిలో శనివారం భజన జరిగేది. హార్మోనియం ఎత్తుకుంటే అరుగుల మీద ముసలాళ్లు కూడా చప్పట్లు అందుకునేవారు. అదిగో, ఆ ఊపు! హాలంతా ఊగిపోతోంది. నా కాలు నన్నడక్కుండా లేచింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కానీ కుడివైపు కాలమ్ గుర్తొచ్చింది: గంభీరముగా నుండవలెను! మోకాలిని రెండు చేతులతో అదిమిపట్టి, కళ్లు మూసుకుని, పళ్లు బిగించి కూర్చున్నాను. పక్కన లలిత చప్పట్లు కొడుతోంది.

"ఆపవే! ఇది ప్రయోగం! తాళం వెయ్యకూడదు!"

"మీరు నోర్మూసుకుని వినండి" అంది, చప్పట్లు ఆపకుండానే.

అయిపోయింది. డెక్లన్ చెమటలు తుడుచుకుంటూ దిగి, తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. అంత మాట పొదుపు మనిషి కళ్లలో చిన్నపిల్లాడి ఆశ. "నిజం చెప్పు" అన్నాడు.

చెప్పాను. "ఏం ధైర్యం డెక్లన్! రాగం లేదు, తాళం లేదు! ఎక్కడ మొదలైందో, ఎందుకు మొదలైందో ఎవరికీ అర్థం కాలేదు! వీధిలో సామాన్లు దొర్లిపోతున్నట్టు, అబ్బ, ఏం స్వేచ్ఛ!"

పాపం, డెక్లన్ మొహం వాడిపోయింది. ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నాడట. నాకప్పటికీ అర్థం కాలేదు. పొగడ్త చాలలేదేమోనని ఇంకో రెండు పాయింట్లు అందుకోబోతుంటే లలిత నా చొక్కా జేబులోంచి కాగితం లాగేసింది.

"ఈయన మాటలు పట్టించుకోకండి. ఇంతవరకూ జాజ్ విన్న పాపాన పోలేదు. ఇదిగో, ఇది చూసి చెబుతున్నారు. రెండు కాలమ్స్ తారుమారయ్యాయి. నాకైతే మా ఊరి భజన గుర్తొచ్చింది, ఇంకో గంట వాయించినా కూర్చుంటాను" అని, ఆ పది తేడాలూ వరసగా ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఎర్ర గీతలతో సహా చూపించింది. భూమి చీలితే బాగుండుననిపించింది. వాటర్‌ఫోర్డ్ భూమి గట్టిది, చీలలేదు. డెక్లన్ నవ్వలేదు. కాగితం మడిచి, జేబులో పెట్టుకుని, "సోమవారం కలుద్దాం" అన్నాడు.

నేవన్‌లో ఇల్లు చేరాక లలిత, "నా ఉద్యోగం కూడా పోగొట్టారు కదండీ" అంది. ఆ మాట నన్ను కోసేసింది.

సోమవారం పొద్దున్నే డెక్లన్ గదికి వెళ్లి, "సారీ డెక్లన్, నాకు జాజ్ తెలీదు. కానీ నిన్న మీరు వాయిస్తుంటే నా కాలు ఆపడం నా వల్ల కాలేదు" అన్నాను. నెల రోజుల్లో నేనాడిన మొదటి నిజం అది.

"చూశాను. వేదిక మీంచి బాగా కనిపిస్తుంది" అన్నాడు. బల్ల మీద నా పది తేడాల కాగితం ఉంది. దాని పక్కనే నా పర్మనెంట్ ఆర్డరు. సంతకంతో సహా!

"నా మీద జాలా?" అన్నాను.

"జాలేం కాదు. మన కొత్త సాఫ్ట్‌వేర్ ఇంకా తయారవలేదు. కస్టమర్లు మాత్రం అది ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఇప్పుడే పంపమంటున్నారు. ఎన్నడూ వినని సంగీతం మీద అంత నమ్మకంగా పది పాయింట్లు రాసి, కింద గీతలు కొట్టిన మనిషి ఈ ఊళ్లో నాకు ఇంకొకడు దొరకడు."

ఆ పుస్తకం మూడు వందల పేజీలు రాశాను. సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ రానే లేదు. పుస్తకం చాలా బాగుందని కస్టమర్లు ఉత్తరాలు రాశారు.

అందుచేత పాఠక మహాశయులారా, డెక్లన్ గారి చెక్క అలమరా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చెవులతో వినందే ఏ సంగీతం గురించీ నోరు విప్పను. ఊగే కాలిని ఛస్తే పట్టుకోను. ఈ ప్రమాణం కాగితం మీద రాసి లలితకి చూపించాను. చదివి, పైన 'మాటకీ చేతకీ పది తేడాలు' అని రాసి, మధ్యలో నిలువుగా గీత గీసి తిరిగిచ్చింది.