పావలా బిళ్ళంత రంధ్రం

నా దగ్గర ఒక రేకు ముక్క ఉంది. తూస్తే తులం కూడా తూగదు. పదేళ్ళకు పైగా మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు.

ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి చెప్పలేదు, గుడిలో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకండి.

తెనాలిలో మా బావకి కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. బావంటే మా అక్క మొగుడు. నాకు పని నేర్పింది ఆయనే. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా నేను ఆయన షెడ్డులోనే ఉన్నాను. బావ చేతికంటే చెవి గొప్పది. నడుస్తున్న ఇంజన్ పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, ఫలానా సిలిండర్‌లో వాల్వు అనేవాడు. విప్పి చూస్తే అదే. నాకు ఆ చెవి రాలేదు. ఎంత ఏడ్చినా రాలేదు. నాకొచ్చిందల్లా గాస్కెట్లు కొయ్యడం. రెండు ఇనప భాగాలు కలిసేచోట గాలి పోకుండా మధ్యలో పెట్టే అట్టముక్క అది. అట్టని అంచు మీద పరిచి సుత్తితో తట్టుకుంటూ పోతే ఆకారం దానంతటదే తెగి వస్తుంది. మావాడు కోసిన గాస్కెట్ కళ్ళు మూసుకుని బిగించెయ్యొచ్చని బావ అందరికీ చెప్పేవాడు. నిజంగానే చూసేవాడు కాదు.

అరవైల చివర్లో బావకి గాలి పిచ్చి పట్టింది. ఇంజన్‌కి పెట్రోలు ఎవడైనా పోస్తాడు, గాలి పెట్టడమే కష్టం అనేవాడు. కార్బురేటర్ నుంచి నాలుగు సిలిండర్లకీ గాలీ పెట్రోలూ పంచే గొట్టాన్ని మానిఫోల్డు అంటారు. బావ దాన్ని పంట కాలవ అనేవాడు. తూముకి దగ్గరున్న చేలు తడుస్తాయి, శివారు చేలు ఎండుతాయి. చివరి సిలిండర్లదీ అదే గతి అనేవాడు. పాత సామాన్లలోంచి ఒక మానిఫోల్డు తెచ్చి, దాని లోపలంతా ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాడు. మద్రాసు పాత ఇనుము బజారు నుంచి ఒక బ్లోయరు తెచ్చాడు. ఇంజన్ పుల్లీకి బెల్టు వేసి దాన్ని తిప్పితే, ఇంజన్ పీల్చుకునేదాకా ఆగకుండా అదే గాలిని లోపలికి తోస్తుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని కొలిమి తిత్తి అని వెక్కిరించారు. మొదట వెక్కిరించింది నేనే. టీకొట్టు దగ్గర, పదిమందిలో, ఆ తిత్తి పనిచేస్తే మీసం తీసేస్తానన్నాను. మీసం ఇప్పటికీ ఉంది.

ఇవన్నీ బిగించిన కారు కొల్లిపర దగ్గరి ఒక మిల్లు యజమానిది. బండి నిజంగా లాగితే బాపట్లలో షెడ్డు వేయించి, ఇనుము చెక్కే లేతు మిషను పెట్టిస్తానని ఆయన బావకి మాటిచ్చాడు. బావకి ఆ మాటే ప్రాణమైంది. ఒకరోజు నన్ను పిలిచి, ఇక్కడి షెడ్డు ఇక నువ్వే చూసుకోవాలిరా అన్నాడు. నా మంచికే అన్నాడు. నాకు మాత్రం గొప్ప పని తను తీసుకుని నాకు గ్రీజు వదిలేసినట్టు అనిపించింది. అది అసూయా? చెవి లేని మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడన్న భయమా? ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నాను, ఇప్పటికీ తేలలేదు.

మిల్లు యజమానిని ఎక్కించుకుని బండి బలం చూపించాల్సిన పరీక్షకి రెండు రోజుల ముందు బావ నన్నొక్కడినే పక్కన కూర్చోబెట్టుకుని రేపల్లె రోడ్డు మీద కారు తోలాడు. గట్టిగా తొక్కగానే నా వీపు సీటుకి అతుక్కుపోయింది. అంత పాత బండి అలా ఉరకడం నేనెన్నడూ చూడలేదు. బావ నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇది గుర్తుంచుకోండి. పనిచేస్తుందని నాకు తెలుసు.

మర్నాడు కార్బురేటర్ కింద కొంచెం పెట్రోలు చెమ్మ కనిపించింది. కొత్త గాస్కెట్ కోసి బిగించమని చెప్పి బావ భోజనానికి వెళ్ళాడు. కోశాను. ఒకటి కాదు, రెండు. రెండిటి మధ్యా పెట్టడానికి ఒక పౌడరు డబ్బా రేకు కత్తిరించాను. అక్కడ గాలి వెళ్ళే దారి రూపాయి బిళ్ళంత. రేకుకి నేను పెట్టిన రంధ్రం పావలా బిళ్ళంత.

ఒక్కరోజు ముచ్చటే అనుకున్నాను. బండి మొరాయిస్తుంది, బావ తికమకపడతాడు, అప్పుడు నేను చెవి పెట్టి విన్నట్టు నటించి కార్బురేటర్ కిందే ఏదో ఉందంటాను, ఎవరూ చూడకుండా రేకు లాగేస్తాను, బండి మళ్ళీ ఉరుకుతుంది, మావాడే పట్టుకున్నాడని బావ పదిమందికీ చెబుతాడు. అంతే నేను కోరుకున్నది. రాసి చూసుకుంటే ఎంత నీచంగా ఉందో.

పరీక్ష రోజు పొద్దున్నే మిల్లు యజమాని స్నేహితుడు బాపట్ల నుంచి రేపల్లె దాకా మా బండితో పోటీగా తోలడానికి అచ్చం అలాంటి కారే తెచ్చాడు, తిత్తీ గిత్తీ లేనిది. షెడ్డులో మా బండి మెత్తగానే తిరిగింది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి కావలసిన గాలి తక్కువ. పావలా బిళ్ళంత దారి సరిపోతుంది. రోడ్డెక్కి వేగం అడిగితేనే ఊపిరాడదు. పైగా బ్లోయరుని తిప్పడానికి ఇంజన్ తన బలంలోంచే కొంత ఇచ్చుకోవాలి. ఇచ్చుకున్నది ఇచ్చుకుంది, తిరిగి ఏమీ రాలేదు. కాలవ వంతెన దాటగానే రెండో కారు మమ్మల్ని దాటేసి పోయింది. వెనక సీట్లో మిల్లు యజమాని రేపల్లె చేరేదాకా ముందు పోయిన ఆ కారు దుమ్మునే చూస్తూ కూర్చున్నాడు. దిగాక, ఆ తిత్తి తీసేసి నా బండి ఎప్పట్లా నాకు ఇచ్చెయ్యండి అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ చుట్టూ జనం. అందరి ముందూ విప్పితే రేకు అందరికీ కనిపిస్తుంది. నోరు మూసుకున్నాను.

తెనాలి తిరిగొచ్చాక, నువ్వు కూర్చో, నేను విప్పుతానని బావతో అన్నాను. కార్బురేటర్ ఎత్తి రేకు జేబులో వేసుకున్నాను. అంతలో బావ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మొన్న లాగింది కదరా. ఇవాళ ఎక్కడో గొంతు నొక్కినట్టు వినిపించింది. కార్బురేటర్ కిందే. మధ్యలో మార్చింది గాస్కెట్ ఒక్కటేగా. సరిగానే కోశావా?"

"నా గాస్కెట్‌నే అనుమానిస్తున్నావా బావా?"

అట్టముక్క తీసి వెలుతురుకి పట్టి చూపించాను. రూపాయి బిళ్ళంత రంధ్రం, గుండ్రంగా. బావ దాని అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూశాడు.

"తప్పయిందిరా. ఏమీ అనుకోకు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మొన్న నిజంగా లాగిందా? లాగాలని అంతగా అనుకున్నాను కాబట్టి నాకలా అనిపించిందా? నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చెప్పు."

ఆ రోజు ఆ కారులో ఉన్నది మేమిద్దరమే. నేను తప్ప సాక్షి లేడు.

"నాకేం పెద్ద తేడా తెలీలేదు బావా" అన్నాను.

రేకు పెట్టినందుకు కాదు నాకు నిద్ర పట్టనిది. ఈ మాటకి. ఆయన చెవి తప్పు జరిగిన చోటుని వేలు పెట్టి చూపించినట్టు చెప్పింది. నేను ఆయన చేత తప్పయిందని అనిపించుకున్నాను.

బ్లోయరు తీసి, కారుకి మొదట ఉన్న మానిఫోల్డే మళ్ళీ బిగిస్తే కారు హాయిగా పరుగెత్తింది. ఇంకేం కావాలి? తిత్తిదే లోపమని ఊరు తేల్చేసింది. బావ మాత్రం తిత్తిని ఏమీ అనలేదు. తన చెవి పోయిందన్నాడు. కొన్నాళ్ళు ప్రతి ఇంజన్ దగ్గరా నిలబడి విని, నీకేమనిపిస్తోందిరా అని నన్ను అడిగేవాడు. నన్ను. చివరికి షెడ్డు నాకు వదిలేసి కాకుమానులో ఒక మిల్లులో కాటా దగ్గర పనికి కుదిరాడు. బస్తాలు తూచడానికి చెవితో పని లేదు.

ఒకసారి ఇద్దరం బస్సులో బాపట్ల వెళ్తున్నాం. బావ తల పక్కకి వంచి, "మూడో సిలిండర్‌లో..." అని మొదలుపెట్టి ఆపేశాడు. నా మాటకేంలే అని కిటికీ వైపు తిరిగాడు. బాపట్లలో ఆ బస్సు చెడి ఆగిపోయింది; బావ ముందు వెళ్ళిపోయాక, దాని ఇంజన్ విప్పుతుంటే నేను నిలబడి చూశాను. మూడోదే. ఆ సంగతి కూడా ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అది చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుందని. నాలాంటివాడిని ఏమనాలి?

బావ పోయి ఏడాదైంది. అక్క ఆయన పనిముట్ల పెట్టె నాకే ఇచ్చింది. అందరూ నవ్విన రోజు నువ్వొక్కడివే ఆయన పక్కన నిలబడ్డావంది. పెట్టె అడుగున, గుడ్డలో చుట్టి, ఆ మానిఫోల్డు ఉంది. ఎక్కడా తుప్పు లేదు. అంటే ఇన్నేళ్ళూ నూనె రాస్తూనే ఉన్నాడు. నిన్న నా రేకు తెచ్చి దాని మీద పెట్టి చూశాను. చుట్టూ గోరంత అంచు దారికి అడ్డం వచ్చింది.

అక్కకి చెప్పాలా? చెబితే ఆమెకి మిగిలిన తమ్ముడూ పోతాడు. చెప్పకపోతే ఆమె మొగుడు ఓడిపోయినవాడిగానే మిగిలిపోతాడు. తేల్చుకోలేకే ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడానికి ఆయన లేడు, మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం ఒక్కసారి జవాబు రాయనివ్వండి.

లాగింది బావా. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. నీ చెవి సరిగ్గానే వింది.