నా సీట్లో కూర్చున్నదెవరు?

నారాయణగూడలోని మా ఆఫీసుకు ఒక్కటే ప్రింటర్. అది నా కంప్యూటర్‌కే ఉండేది కాబట్టి అందరూ నా సీట్లోనే కూర్చుని ప్రింట్లు తీసుకునేవాళ్లు. నా పాస్‌వర్డ్ తెలియనివాళ్లు లేరు.

ఒకరోజు కస్టమర్ల వివరాలు బయటికి పోయాయని ఫోరెన్సిక్ నిపుణుణ్ని పిలిపించారు. ఆయన హార్డ్ డిస్క్ పరీక్షించి, "మీ లాగిన్‌తోనే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయింది మేడమ్. కూర్చున్నదెవరో డిస్క్ చెప్పదు" అన్నాడు.

"ఆ సీట్ల అందరు కూర్చుంటరు సార్! చెప్పు శ్రీనూ, నువ్వు కూర్చోలే?" అని పక్కసీటు అబ్బాయిని నిలదీశాను. తన స్క్రీన్ వైపు తిరిగి టైపు చేయసాగాడు. మిగతావాళ్లూ అంతే.

ఉద్యోగం ఊడి, చిక్కడపల్లి బస్సు కోసం నిలబడ్డాను. శ్రీను ఫోన్ చేశాడు. సారీ చెబుతాడేమోనని ఆశగా ఎత్తాను.

"అక్కా, పాస్‌వర్డ్ మార్చినవా? జర ప్రింట్ తీసుకోవాలె."