అప్ప దేవమాలి ఎక్కిన రోజు

మా అప్పకి, అంటే అక్కకి, వైద్యం ముగిసిన ఏడాది, చలికాలంలో దేవమాలి కొండకి వెళ్లాం. అప్ప లక్ష్మీపూర్‌లో టీచరు. నేను కోరాపుట్‌లో నర్సుని. కీమో ఎక్కించాల్సిన ప్రతిసారీ సెలవు పెట్టి, ఆమెని రైల్లో విశాఖపట్నం తీసుకెళ్లింది నేనే. తిరిగొచ్చాక వాంతులకి గిన్నె పట్టిందీ నేనే. ఆ సెలవులకి బదులు చేసిన నైట్ డ్యూటీలు ఇంకా నా ఒంట్లోనే ఉన్నాయి. కొండ మీద నాకు ఏ ఆశా లేదు. నిద్ర కావాలి, అంతే.

పైదాకా తారురోడ్డు ఉంది. బావ గుడారం, వంటసామాన్లు జీపులో వేసుకుని ముందు వెళ్లాడు. అప్ప మాత్రం కింది నుంచి నడుస్తానంది.

"జీపులో ఎల్లిపోదాం అప్పా," అన్నాను.

"ఇన్నాళ్లూ నన్ను మోసుకుని తిప్పేరు. ఇది నా కాళ్లతో ఎక్కుతాను."

అప్ప మందులు, నీళ్లు, గ్లూకోజు ఉన్న సంచి భుజాన వేసుకుని వెనకే నడిచాను. గట్ల మీద వలిసె పూలు పచ్చగా విచ్చుకున్నాయి. పిక్నిక్ బళ్లు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. సగం దారైనా రాకుండానే నా కాళ్లు వణికాయి, చెవుల్లో హోరుమంది. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాను.

"ఏటయ్యిందే?" అప్ప నా మణికట్టు పట్టుకుంది.

"ఏటీ నేదు. ఇంక నడవనేను."

"అయితే కూకో అమ్మీ. బావకి ఫోన్ సేస్తాను."

జీపు దిగివచ్చింది. అప్పని కూడా ఎక్కమన్నాను, వార్డులో మాట్లాడే గొంతుతో.

"నన్నొగ్గీ అమ్మీ," అంది మెల్లగా. నీళ్ల సీసా ఒక్కటి తీసుకుని ముందుకి సాగింది.

సిగ్గుపడాల్సింది పోయి, సీటుకి ఆనుకోగానే నాకు హాయనిపించింది. ఆ హాయి మీద నాకే కోపం వచ్చింది.

పైన మంచు కమ్ముకుంది. బావ పొయ్యి మీద కోడికూర పెట్టాడు గాని చూపంతా రోడ్డు మీదే. చాలాసేపటికి మలుపులో అప్ప కనబడింది. నాలుగడుగులు వేస్తోంది, నిలబడుతోంది.

"ఎదురెల్దామా బావా?"

"వద్దమ్మా. రానీ."

వచ్చి నా పక్కన కూర్చుని, తలకి కట్టుకున్న గుడ్డ విప్పింది. కొత్తగా మొలిచిన పొట్టిజుట్టు చెమటతో తడిసిపోయింది. "ఎక్కేసేను," అంది. ఊపిరి సర్దుకున్నాక కంచంలో అన్నం కలిపి నా చేతిలో పెట్టింది.

తిని, పొద్దు గుంకకముందే గుడారంలో పడుకున్నాను. ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన పడుకున్న రోజుల్లో దగ్గిందా, మూలిగిందా అని నిద్రలోనూ వింటూ ఉండేదాన్ని. ఆ సాయంత్రం ఏమీ వినలేదు.

మర్నాడు నేను లేచేసరికి ఎండ వచ్చేసింది. లోయ నిండా తేలిన మబ్బుల్ని ఇద్దరూ చూసేశారట.

"నన్ను లేపలేదేం?"

"లేపితే సంపేత్తానంది మీ అప్ప," అన్నాడు బావ, టీ గ్లాసు అందిస్తూ.

ఒళ్లు ఇంకా బరువుగానే ఉంది. మధ్యాహ్నం నాకు డ్యూటీ. గుడారం మడిచి ముగ్గురం జీపెక్కాం.