వెనక సీటు ప్రార్థన

మా ఆఫీసు సెల్లార్‌లోకి బరువైన మోటార్‌సైకిల్ దిగుతున్నప్పుడు ఆ చప్పుడు ముందు అరికాళ్ళకు తెలుస్తుంది, ఆ తర్వాతే చెవులకు. నిన్న సాయంత్రం క్యాబ్ కోసం నిలబడి ఉంటే అలాంటిదే ఒకటి ర్యాంపు మీదుగా దిగి నా పక్కనే ఆగింది. వేడెక్కిన రబ్బరు వాసన, నూనె వాసన. ఇంజన్ ఆపాక ఇనుము చల్లారుతూ సన్నగా టిక్కుటిక్కుమంది. నడిపినాయన హెల్మెట్ తీసి బండిని ఒకసారి మురిపెంగా చూసుకున్నాడు. నేను మాత్రం వెనక సీటు చూశాను. అరచేతి వెడల్పున్న తోలుముక్క, పట్టుకోవడానికి ఏమీ లేదు. దీని మీద కూర్చునే మనిషిని ఎవరైనా అడిగారా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు నేర్పినాయన సాల్మన్ సార్. ఆయన ప్రభువునందు నిద్రించి రెండు వర్షాకాలాలు గడిచాయి.

సాల్మన్ సార్ నాకు రెండు చోట్ల పెద్ద. మాదాపూర్‌లోని మా కంపెనీలో, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే మా టెస్టింగ్ విభాగానికి అధిపతి. ఆదివారం చందానగర్‌లోని మా చర్చిలో సంఘ పెద్ద. పుట్టి పెరిగింది శేరిలింగంపల్లిలోనే. ఇక్కడ అద్దాల మేడలు లేని రోజుల్లో ఈ రాళ్ళ మధ్య సైకిల్ తొక్కిన మనిషి. ఆఫీసులో ఆయనకు అన్నీ అనుమానాలే. ప్రోగ్రాం బాగా పనిచేస్తోందని చెబితే ఆయన ముఖం ఇంకా ముడుచుకునేది. "మంచిగ నడుస్తున్నదని నాకెందుకు చెప్తున్నవమ్మా? నువ్వు ఏది చూడలేదో గది చెప్పు" అనేవారు. జీతానికి చేసే పని కాబట్టి అక్కడ ఆ అనుమానం నాకు నచ్చింది. అదే మనిషి ఆరాధనలో కూడా అలాగే ఉండటం మాత్రం మింగుడుపడలేదు.

మా సంఘంలో ప్రతి ఆదివారం సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు, మిగతావాళ్ళం స్తోత్రం అంటాం. ఒకసారి ఒక తమ్ముడు లేచి, ఇంటర్వ్యూకు ఆలస్యమవుతుంటే సైబర్ టవర్స్ దగ్గర దేవుడే తనకు పార్కింగ్ చూపించాడని చెప్పాడు. అందరం స్తోత్రం అన్నాం. బయటికొచ్చాక సాల్మన్ సార్ అతని భుజం మీద చెయ్యేసి, "మరి ఆ జాగల నుంచి బండి తీసి పోయినాయనకు కూడ ఇంటర్వ్యూ ఉండెనేమో, ఆయన సాక్ష్యం ఎవరు చెప్తరు బిడ్డా?" అన్నారు. ఆ తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భీమవరం పక్క మా ఊళ్ళో, సాక్ష్యానికి ఎదురుమాట చెప్పని ఇంట్లో పెరిగినదాన్ని. ఈయనకు విశ్వాసం ఉందా, లేక పెద్దరికం కోసం ముందు వరసలో కూర్చుంటున్నారా అని చాలాకాలం ఆయన్నే అనుమానించాను.

అప్పుడు మా ఇంటికి బండి సంగతి వచ్చింది. మా ఆయన సుధీర్‌కి కన్యాకుమారి దాకా మోటార్‌సైకిల్ మీద వెళ్ళాలని పెళ్ళికి ముందునుంచీ కోరిక. ఇద్దరం కలిసి వెళ్ళాలి, అది పట్టుదల. నాకా, అంతకు ముందు ఏడాది కొత్తగూడ దగ్గర వానలో మా పాత బండి జారి, వెనక కూర్చున్న నాకు భుజం ఎముక విరిగింది. ఆ తర్వాత బండెక్కాలంటే భయం. సుధీర్ దానికీ జవాబు వెతికి పెట్టుకున్నాడు. "తేలిక బండి కాబట్టి జారింది సునీతా. క్రూయిజర్ బరువుకి రోడ్డు పట్టుకుని ఉంటుంది. సీటు కిందకి, కాళ్ళు ముందుకి చాపుకోవచ్చు, సోఫాలో కూర్చున్నట్టే" అనేవాడు. భోజనం చేస్తూ కూడా బండ్ల వీడియోలు చూసేవాడు. కొత్తది కొందామంటే నెలలు ఆగాలన్నారు. చివరికి హఫీజ్‌పేట్ వైపు పాత బండ్లు అమ్మే చోట పెద్ద ఇంజన్ క్రూయిజర్ ఒకటి చూసి వచ్చాడు. నలుపు రంగు, ఇద్దరు మనుషులెత్తినా లేవనంత బరువు.

సుధీర్ చెడ్డవాడు కాదు. దేవుణ్ణి అడగకుండా చెంచా కూడా కొనడు. ఆ ఆదివారం సాక్ష్యానికి లేచాడు. యజమాని కొడుక్కి పెళ్ళికూతుర్ని వెతకబోయిన సేవకుడు బావి దగ్గర, తనకూ తన ఒంటెలకూ నీళ్ళు తోడిపోసే పిల్లే ఆమె కావాలని దేవుణ్ణి గుర్తు అడిగిన బైబిలు సంగతి మాకందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. సుధీర్ కూడా అలాగే అడిగాడట. "నేను నోరు తెరిచి అడగకుండా ఎవరు నాకు నీళ్ళిస్తారో వాళ్ళ దగ్గర ఉన్న బండే నీవు నాకు ఏర్పరచినది ప్రభువా" అని. లోపలికి అడుగు పెట్టగానే ఆ యజమాని వందనాలు బ్రదర్ అని చల్లటి నీళ్ళ సీసా చేతిలో పెట్టాడట. చెబుతూ సుధీర్ కళ్ళు తుడుచుకున్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. పక్కనున్న అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నేనూ స్తోత్రం అన్నాను. వచ్చే ఆదివారం బండి తెస్తే ప్రతిష్ఠ ప్రార్థన చేద్దామని పాస్టరు అయ్యగారు ప్రకటించారు.

నోటితో స్తోత్రం అన్నాను గాని, లోపల నా పని నేను చేస్తూనే ఉన్నాను. మేం విశ్వాసులమని ఆ అమ్మేవాడికి ఎలా తెలిసింది? మందిరం గేటు చేరేలోపే జవాబు దొరికింది. సుధీర్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్ళకు వినబడేది క్రైస్తవ కీర్తన. బండి గురించి ఆ అమ్మేవాడు ముందే ఫోన్ చేశాడు. ఆ వందనాలు పరలోకం నుంచి వచ్చాయో ఫోన్లోంచి వచ్చాయో నాకర్థమైంది. అయినా సుధీర్‌తో అనలేకపోయాను. గుర్తు దేవుడిదని సంఘమంతా ఒప్పుకున్నాక నా భయం మాటేమిటి? అది అవిశ్వాసం అవుతుంది. బండి వద్దంటే దేవుణ్ణి వద్దన్నట్టే.

గేటు దగ్గర సాల్మన్ సార్ మమ్మల్ని ఆపారు.

"ఏ పూట పోయినవు సుధీర్, బండి చూడనీకె?"

"మధ్యాహ్నం సార్."

"ఈ ఏప్రిల్ ఎండల?"

"అవునండి."

"మంచిది. రేపు సాయంత్రం నన్ను గూడ తీస్కపో. నాకు గూడ దూప అయితున్నది." దాహమట ఆయనకు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. ఆ రోడ్డులో వరసగా పాత బండ్ల దుకాణాలే. సార్ మమ్మల్ని తిన్నగా ఆ బండి దగ్గరికి తీసుకెళ్ళలేదు. మొదటి దుకాణంలోకి నడిచారు. కూర్చోండి సార్ అంటూ నీళ్ళ సీసా ఇచ్చారు. పక్కదానిలోకి వెళ్ళాం. అక్కడా సీసా. ఆ పక్కన గ్లాసుల్లో మజ్జిగ కూడా ఇచ్చారు. సుధీర్ చేతుల్లో సీసాలు పట్టక చంకలో పెట్టుకున్నాడు.

"ఇగ ఇన్ని బండ్లు ఎట్ల కొంటవు బిడ్డా? సెల్లార్ సాలదు" అన్నారు సార్.

సుధీర్ ముఖం ఎర్రబడింది. "దేవుడిచ్చిన గుర్తుని ఎగతాళి చేస్తున్నారండి మీరు."

"దేవుణ్ణి కాదు. ఎవ్వరైనా ఇచ్చేదాన్ని గుర్తుగ అడిగినవు, గది చెప్తున్న. బావికాడ ఒంటెలన్నిటికి నీళ్ళు తోడి పోసుడు అల్కటి పని కాదు. అందుకే అది గుర్తయింది. నీకు రావాలనున్న జవాబుకే నువ్వు తలుపు తీసి పెట్టినవు."

అసలు దుకాణానికి వెళ్ళేసరికి నాకు ఇంకో అనుమానం పుట్టింది. ఆ యజమాని లేచి, "అరె, సాల్మన్ సార్, ఎన్ని రోజులాయె" అన్నాడు. ఈ సంఘ పెద్దకి పాత బండ్ల వాళ్ళతో పరిచయమేమిటి? ఈ బేరం చెడగొట్టి వేరే బేరం కుదిర్చి మధ్యలో ఏమైనా తీసుకుంటారా? సుధీర్ కూడా అదే అనుకున్నట్టు నా వైపు చూశాడు. ఆ సమయంలో భార్యాభర్తలం ఒక్క మాట మీదున్నది ఆ అనుమానంలోనే.

సార్ బండి చుట్టూ తిరిగారు. టైరు పక్కన ముద్రించిన తయారీ సంవత్సరం చదివారు. చల్లగా ఉన్న ఇంజన్ మీద చెయ్యేసి, ముందే వేడి చేసి పెట్టలేదు కదా అని చూసుకున్నారు. స్టార్ట్ చేయించి కళ్ళు మూసుకుని విన్నారు. చట్రం కింద టార్చి వేసి చూశారు. నేను లోపల ఏదో ఒక లోపం బయటపడాలని కోరుకుంటున్నాను. ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుని, "బండి మంచిగున్నది. అమ్మేటాయన గూడ అబద్ధం చెప్పలే" అన్నారు.

సుధీర్ ముఖం వెలిగిపోయింది.

"జర ఆగు, బండిని చూసిన. బండి మీది మనుషులను చూడలే. ముంగట సోఫా ఉన్నది, నిజమే. ఎనకాల పీట ఏసిండ్రు" అన్నారు సార్. ఆ తర్వాత యజమానిని అడిగి, శనివారం పొద్దున ఆ బండిని మా ఆఫీసు సెల్లార్‌కి తెప్పించారు. సెలవు కాబట్టి ర్యాంపు ఖాళీగా ఉంది. పొడవాటి బండి కొనేవాళ్ళ చేత ఆయన చేయించే పరీక్ష ఒకటే. భార్యనో స్నేహితుణ్ణో వెనక కూర్చోబెట్టుకుని ర్యాంపు సగం ఎక్కి ఆపాలి, ఇంజన్ కట్టేయాలి, కాలు నేల మీద పెట్టి నిలబడాలి, మళ్ళీ స్టార్ట్ చేసి కదలాలి. "తిన్నటి రోడ్డు మీద ఎవలైనా నడుపుతరు. ఘాట్‌ల లారీ ఆగితే తెలుస్తది" అన్నారు.

ఎక్కాను. సుధీర్ సగం ఎక్కి ఆపాడు. బండి వెనక్కి ఒక జానెడు జారి ఆగింది. అతని కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు నేల మీద వణుకుతోంది. ఆ వణుకు సీటులోంచి నాకు తెలుస్తోంది. నేను కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాను. సుధీర్ నిలబెట్టాడు. పడలేదు. స్టార్ట్ చేసి పైకి తీసుకెళ్ళి, గెలిచినట్టు వెనక్కి తిరిగాడు. నేను దిగాను.

అంతసేపూ పక్కన నిలబడి చూసిన సార్ మా వెనకాలే నడిచి వచ్చారు. అతన్నేమీ అనలేదు. నన్ను అడిగారు.

"సునీతమ్మా, మధ్యల ఆగినప్పుడు నువ్వు ప్రార్థన చేసినవు. ఏమని చేసినవు?"

"కాపాడమని చేశాను సార్."

"గదొక్కటేనా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆదివారం నుంచీ చెబుతున్నదే. కానీ ఆయన ఏది చూడలేదో చెప్పమన్నట్టు నన్ను చూస్తున్నారు. "ఈ బండి ఇంకెవరికైనా అమ్ముడుపోవాలని చేశాను. రోజూ అదే చేస్తున్నాను" అన్నాను.

సుధీర్ బండి దిగాడు. స్టాండు వేయడం మర్చిపోతే సార్ పట్టుకున్నారు. "అదేంటి? రోజూ నా పక్కనే మోకాళ్ళ మీద ఉన్నావు కదా" అన్నాడు.

"ఉన్నాను. మీరు కావాలని అడుగుతున్నారు, నేను వద్దని అడుగుతున్నాను."

"నాతో ఎందుకు అనలేదు?"

"గుర్తొచ్చిందని చెప్పాక ఇంక నేను ఎవరితో అనాలండి?"

సార్ బండి హ్యాండిల్ వదలకుండానే, "మా ఆమెను పదేండ్లు ఎనక కూసోబెట్టి తిప్పిన. అప్పుడు గూడ ఇసుంటి బండే. ఆఖర్ల దవాఖానల పడుకోని నవ్వుకుంట చెప్పింది, ఒక్కనాడు గూడ నాకు నచ్చలేదయ్యా అని. ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలే అన్నది. బండి ఆ దుకాన్లనే అమ్మిన. గందుకే ఆయనకు నేను ఎరుక" అన్నారు. నేను ఆయన మీద పెట్టుకున్న అనుమానం ఒకటి అక్కడ రాలిపోయింది.

సుధీర్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆదివారం సంఘమంతా బండి కోసం గేటు వైపు చూస్తోంది. మా దగ్గర ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. అలాంటిది నేను చూడలేదు. సుధీర్ లేచాడు. "బండి తీసుకోవడం లేదండి. దేవుణ్ణి గుర్తు అడిగాను గానీ, పక్కనున్న నా భార్యని అడగలేదు" అని కూర్చున్నాడు. ఎవరికీ స్తోత్రం అనాలని తోచలేదు. ముందు వరసలోంచి సాల్మన్ సార్ ఒక్కరే నెమ్మదిగా ఆమేన్ అన్నారు.

ఆ క్రూయిజర్ తర్వాత అమ్ముడుపోయిందని తెలిసింది. సార్ మళ్ళీ మనసు పడి కొన్నారేమోనని నేను నెలల తరబడి ఆయన పార్కింగ్ వైపు తొంగి చూసేదాన్ని. ఒకరోజు పట్టుబడ్డాను. "ఎతుకు తల్లీ, మంచిగ ఎతుకు. నన్ను గూడ నమ్మకు. కానీ నీ భయాన్ని గూడ జర అనుమానించు, అది గూడ ఎప్పుడు నిజమే చెప్పదు" అన్నారు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు. అందుకే మర్చిపోలేకపోయాను. సుధీర్ కన్యాకుమారికి ఇంకో బండి మీద ఒక్కడే వెళ్ళాడు. నేను రైల్లో వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో పక్కనే ఉన్న నాగర్‌కోయిల్ దాకా అతని వెనక కూర్చున్నాను. అతను అడిగాడు కాబట్టి కూర్చున్నాను. నచ్చలేదు, చెప్పాను.

ఇప్పుడు స్త్రీల కూడికలో ఎవరైనా దేవుడు నాతో చెప్పాడంటే, నేను ఆ చెప్పినామె గురించి కాకుండా ఆమె ఇంట్లో మాట్లాడని మనిషి గురించి అడుగుతాను. కొందరికి నేనంటే కోపం. నాకు విశ్వాసం తగ్గిందని అనుకుంటారు. నాకు మాత్రం దేవుడి మీద ఏ అనుమానం లేదు. ఆయన పేరు చెప్పి మాట్లాడే నోళ్ళ మీదే ఉంది, నా నోటితో కలిపి. మా ఇంట్లో మోకాళ్ళ మీదికి వెళ్ళేముందు, నువ్వేం అడగబోతున్నావు అని ఒకరినొకరం అడుగుతాం. రెండూ కలవని రోజులు చాలానే ఉంటాయి. ఆ రోజుల్లో ఇద్దరం గొంతెత్తి ప్రార్థిస్తాం, అవతలివాళ్ళకి కూడా వినబడేలా.