ముందు గాలిలో తిప్పు

టేకు చెక్క మాడిన వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే మిషను ఆపే ఎర్ర బటన్ మీదికి పోతుంది. ఆ అలవాటు దేవదానం అన్న చేసింది. గూడూరులో చర్చి తలుపులు, శవపేటికలు చేసే షెడ్డు ఆయనది. వాకాడు దగ్గర సముద్రంలో చేపల వేటకు పోయిన నా మొగుడు శవమై కూడా ఒడ్డుకు రాలేదు. ఆ ఏడే అన్న నన్ను చెక్కపొడి ఊడ్చే పనికి పెట్టుకున్నాడు.

ఊడ్చేదాన్ని తీసుకొచ్చి కంప్యూటరుతో బొమ్మలు చెక్కే మిషను ముందు నిలబెట్టిందీ ఆయనే. చెక్కను తొలిచే మొన, అదే బిట్టు, ఎటు తిరగాలో చెప్పే అంకెల వరసల్ని జీ కోడ్ అంటారు. బొమ్మకొక ఫైలు. నాకు తెలుగే కూడబలుక్కుంటే గానీ రాదన్నాను. "బియ్యంలో రాళ్లు ఏరతావు గదా మే, అట్ట చూడు. తేడాగా కనపడిందే రాయి," అన్నాడు. కొత్త ఫైలు ఏదైనా సరే, ముందు బిట్టును చెక్కకు బెత్తెడు పైకి లేపి గాలిలో తిప్పించేవాడు. అంతసేపూ నా చెయ్యి ఎర్ర బటన్ మీద ఉండాల్సిందే.

అప్పటికే ఆయన ఊపిరితిత్తులు చెక్కపొడికి చెడిపోయాయి. మాట కన్నా ముందు దగ్గు వచ్చేది. ఒకరోజు తన పేటిక మూతకు తానే బొమ్మ గీసుకుని ఫైలు చేశాడు. సిలువ, దాని చుట్టూ ద్రాక్షతీగ. నేను మొహం తిప్పుకున్నాను. "ఏడిస్తే కొలత తప్పతాది. నా మూత నువ్వే చెక్కాల," అన్నాడు. సరేనన్నాను.

ఆయన పోయేనాటికి పాత మిషను పోయి కొత్తది వచ్చి వారం. మూత కోసం ఆయన దాచిపెట్టుకున్న టేకు పలక ఒక్కటే ఉంది. సాయంత్రానికే సమాధి. పాతదాంట్లో బాగా తిరిగిన ఫైలే గదా, నేరుగా చెక్కెయ్యమని ఆయన తమ్ముడు గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు. నేను గాలిలో తిప్పాను. సిలువ సరిగ్గా వచ్చింది. తీగ మొదలుకాగానే బిట్టు పెద్ద సున్నా చుడుతూ పలక దాటిపోయింది. బటన్ నొక్కాను.

కొత్త మిషనుతో నమూనాగా ఇచ్చిన పువ్వు ఫైలును మా ఫైలు పక్కన పెట్టి, వరస వరసా ఏరాను. వంపులు చెప్పే వరసల్లో ఐ, జే అక్షరాల పక్కన వాళ్లవి చిన్న అంకెలు, మావి పెద్దవి. మిషను అమ్మిన మెకానిక్కుకు ఫోన్ చేసి అదే చెప్పాను. పాతది వంపు కేంద్రాన్ని పలక మూల నుంచి కొలిచేదట, ఇది బిట్టు ఉన్న చోటి నుంచి కొలుస్తుందట. మా అంకెల్ని పాత పద్ధతిలోనే చదవమని ఫైలు పైన చేర్చే ఒక వరస చెప్పాడు. చేర్చాను. మళ్లీ గాలిలో తిప్పబోతుంటే తమ్ముడు, "ఇంకా గాల్లోనేనా అక్కా," అన్నాడు. ఎర్ర బటన్ మీద చెయ్యి పెట్టి తిప్పాను. తీగ సిలువను చుట్టుకుంది. అప్పుడు బిట్టు దించాను.

ఆ మూతను జనం చూసింది గంటసేపు. ఆ తర్వాత మట్టి కప్పేసింది. నా మొగుడికి ఆ మాత్రం మూత కూడా లేదు.

ఇప్పుడు ఎవరి పేటిక వచ్చినా ముందు గాలిలోనే తిప్పుతాను. బిట్టు చెక్కను తాకబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాను, వెనక నుంచి దగ్గు వినిపిస్తుందేమోనని.